అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్‌ని పట్టుకోవడం ఎలా?

నా ఫ్రెండ్ మొబైల్ షాపు వెబ్‌సైట్‌లో ఫోన్ పేరు టైప్ చేస్తుండగానే కింద ధర వస్తుంది. ఒక్కోసారి మాత్రం వేరే ఫోన్ ధర కనిపించేది. కస్టమర్లేమో ఆ ధరకే ఇవ్వమని పట్టుబట్టేవారు. షాపు వైఫైలో చూస్తే అంతా ఓకే!

1. ఎవరికి వస్తోంది?
ముందు కోడ్ ముట్టుకోలేదు. కంప్లయింట్ ఇచ్చినవాళ్లని అడిగాను. అందరూ మొబైల్ డేటా మీదే ఉన్నారు.

2. రిక్వెస్టులు చూడండి
క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచాను. ప్రతి అక్షరానికీ ఒక రిక్వెస్ట్ వెళ్తోంది. 'గెలాక్సీ' అంటే చాలా ఫోన్లు వెతకాలి, 'గెలాక్సీ ఎ55' అంటే ఒక్కటే. అందుకే ముందు అడిగినదాని జవాబు ఆలస్యంగా వచ్చి, సరైన ధరను చెరిపేస్తోంది. దీన్నే రేస్ కండిషన్ అంటారు.

3. బగ్‌ని ప్రతిసారీ రప్పించండి
టెస్ట్ సర్వర్‌లో 'గెలాక్సీ' జవాబుకి మాత్రమే 3 సెకన్ల ఆలస్యం పెట్టాను. అంతే, బగ్ ప్రతిసారీ వచ్చింది. అన్ని రిక్వెస్టులనీ ఒకేలా స్లో చేస్తే వరుస మారకపోవచ్చు, బగ్ దొరకదు.

4. ఫిక్స్
టైపింగ్ ఆగేదాకా వేచి ఉండే డిబౌన్స్ పెడితే బగ్ తగ్గుతుంది గానీ పోదు. కొత్త రిక్వెస్ట్ పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలి.

ఆ 3 సెకన్ల ఆలస్యం అలాగే ఉంచి మళ్లీ టెస్ట్ చేయండి. అప్పుడు కూడా ధర సరిగ్గా వస్తేనే బగ్ పోయినట్టు.