తొంబదిమూడు దగ్గర ఆగిన లెక్క

పఠన భాగములు: యెహోషువ 14వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము

ఈ నెల పాఠమునకు ఒక ప్రశ్నను తీసికొందము. ఒక ఆటగాడున్నాడు. చాల సంవత్సరములు బంతి వేసినాడు. పెద్ద సంఖ్య యొకటి, నూరో మూడునూర్లో, అతనికి కొద్ది దూరములోనే యున్నది. ఇంతలో భుజము మునుపటివలె తిరుగుట లేదు. గుమ్మము దగ్గర చిన్నవాడొకడు వచ్చి నిలువబడియున్నాడు. ఆ పెద్దవాడు ఆ సంఖ్యను చేరగలడా? చేరుటకు ఇంకొంత కాలము అతనికి ఇయ్యవలెనా?

ఇది ఆటల పత్రికలవారు చర్చించుకొనవలసిన సంగతి, మనకెందుకు అని కొందరు అడుగవచ్చును. కాని తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని ఈ ప్రశ్న లేని యిల్లు అరుదు. పొలము లెక్కలు కుమారునికి అప్పగింపని తండ్రి, ఇంకొక్క సంవత్సరమని బడి విడువలేని పంతులు, వంటయింటి తాళపుచెవి కొంగుముడి విప్పని అత్తగారు, వీరందరును ఆ బౌలరునకు దగ్గర బంధువులే.

క్రికెట్టు ఎరుగని తల్లుల నిమిత్తము ఒక మాట. బంతి వేయువానిని బౌలరు అందురు. అతడు ఎదుటి ఆటగాని ఒకనిని ఆటనుండి తొలగించినచో ఒక వికెట్టు అతని ఖాతాలో చేరును. దేశములమధ్య ఐదు దినములు జరుగు పెద్ద ఆటకు టెస్టు అని పేరు. టెస్టులలో నూరు వికెట్లు తీసినవానిని ఆ లోకములో గౌరవముగా చూతురు. తొంబదితొమ్మిదికిని నూరుకును భేదము ఒక్కటే అయినను, జనులు నూరునే జ్ఞాపకముంచుకొందురు.

ఇప్పుడు మన తెలుగువారిలో ఒకరిని చూతము. సాగి లక్ష్మీ వెంకటపతిరాజు గారు 1969 జూలై 9న గోదావరి ప్రాంతమందలి ఆలమూరులో జన్మించి, హైదరాబాదు జట్టునకు ఆడి, 1990లో భారత జట్టులో ప్రవేశించిరి. ఎడమచేతి స్పిన్ను బౌలరు. మిక్కిలి సన్నని మనిషి. వెస్టిండీసుకు చెందిన మాల్కం మార్షల్ ఆయనకు పరిహాసముగా ‘మజిల్స్’, అనగా కండలవాడు, అని పేరు పెట్టెననుట ఆట లోకములో ప్రసిద్ధము. ఆ సంవత్సరమే నవంబరులో చండీగఢులో శ్రీలంక జట్టు 82 పరుగులకు కూలిపోయెను. ఆ ఇన్నింగ్సులో రాజు గారు 12 పరుగులు మాత్రమే ఇచ్చి 6 వికెట్లు తీసిరి. 1993 మొదట ఇంగ్లండు మన దేశమునకు వచ్చి మూడు టెస్టులును ఓడిపోయినప్పుడు కుంబ్లే, రాజు, రాజేశ్ చౌహాన్ ముగ్గురును కలిసి వారిని త్రిప్పికొట్టిరి.

తరువాత ఆయన జట్టులోనికి వచ్చుచు, పోవుచు ఉండిరి. కొంత కాలము పిలుపే లేదు. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టుకు మరల పిలిచిరి. అప్పటికి ఆయన ఖాతాలో 92 వికెట్లు ఉండెను. వయస్సు ముప్పదియొకటి. మన పొలములలో ముప్పదియొక్క సంవత్సరముల మనుష్యుని ముసలివాడని ఎవరును అనరు. ఆటలో మాత్రము అంటారు.

ఆ టెస్టు కథ మీ యింటి పిల్లలను అడిగినను చెప్పుదురు. మొదటి ఇన్నింగ్సులో 171 పరుగులకే కూలి, మరల వెంటనే బ్యాటు పట్టవలసివచ్చిన మనవారు, లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగులు చేయగా లేచి నిలిచిరి. వరుసగా పదునారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడిపోయెను. ఆ ఆటలో హర్భజన్ సింగు 13 వికెట్లు తీసెను. అతనికి అప్పటికి ఇరువది యేండ్లే. రాజు గారికి మొదటి ఇన్నింగ్సులో ఒక్క వికెట్టును దొరకలేదు. రెండవదానిలో ఒకటి దొరికెను. మార్క్ వా ఒక్క పరుగైనను చేయకముందే కాలికి తగిలిన బంతితో వెనుదిరిగెను. లెక్క 93 ఆయెను.

ఆ తరువాతి టెస్టులో ఆయనకు చోటు దొరకలేదు. మరి యే టెస్టులోనూ దొరకలేదు. లెక్క 28 టెస్టులు, 93 వికెట్లు దగ్గర ఆగిపోయెను.

ఇక్కడ పలకమీద ఒక చిన్న లెక్క వేయుడి. 93ను 28చే భాగించినచో టెస్టుకు మూడు వికెట్లకు పైచిలుకు వచ్చును. నూరుకు కావలసినవి ఏడు. అనగా మరి రెండు టెస్టులు, మించినచో మూడు. చేరగలడా అనిన ప్రశ్నకు లెక్క చెప్పు జవాబు, చేరగలడనియే. కాని అవకాశము లెక్కలో పుట్టదు. అది ఇచ్చువారి చేతిలో ఉన్నది. ఇచ్చువారి యెదుట, ఆ మూడు టెస్టులలో 32 వికెట్లు తీసిన ఇరువది యేండ్ల పిల్లవాడు నిలువబడియున్నాడు. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ పిల్లవాని కాదని పెద్దవానికి మూడు టెస్టులు ఇచ్చియుండవలసినదని నేను అనలేను. అయినను ఆ 93 అను అంకెను చూచినప్పుడెల్ల మనస్సు కొంచెము చివుక్కుమనును.

శరీరము సంగతి కూడ తెలిసికొనవలెను. పరుగెత్తివచ్చి వేగముగా బంతి వేయువాడు ముందరి పాదమును నేలమీద మోపిన క్షణమున తన బరువునకు అనేక రెట్లు బరువు ఆ కాలిమీదను నడుముమీదను పడును. అది దినమునకు నూరుసార్లు, సంవత్సరమునకు వేలసార్లు. కనుకనే వారికి మడమ, మోకాలు, వెన్ను త్వరగా చెడును. స్పిన్ను వేయువాడు నాలుగడుగులు మాత్రమే వేయును. అతని పని వ్రేళ్లలోను, భుజములోను, అంతకుమించి ఎదుటివాని మనస్సు చదువుటలోను ఉన్నది. ఆ చదువు వయస్సుతో పెరుగును. శ్రీలంకకు చెందిన రంగన హెరాత్ తన 433 టెస్టు వికెట్లలో సగముకంటె ఎక్కువ ముప్పదియైదవ యేట తరువాతనే తీసెను. కాబట్టి ముప్పదియొకటి వచ్చెను గనుక రాజు గారి పని అయిపోయెననుట శరీరశాస్త్రము ఒప్పుకొను మాట కాదు.

వేగముగా వేయువారిలోను విశేషమైనవారు లేకపోలేదు. ఇంగ్లండు బౌలరు జేమ్స్ ఆండర్సన్ 2024 మార్చి 9న మన ధర్మశాలలో 700వ వికెట్టు తీసెను. అప్పటికి వయస్సు నలుబదియొకటి. అదే సంవత్సరము జూలైలో, రాబోవు కాలమునకు కొత్తవారిని సిద్ధపరచవలెనని చెప్పి, అతనిని 704 దగ్గర సాగనంపిరి.

అమెరికా దేశములో బేస్‌బాల్ అను ఆట ఉన్నది. అందులో బంతి విసరువానిని పిచ్చరు అందురు. మోచేతిని వంచి పూర్ణబలముతో విసరుటచేత ఆ మోచేతి నరములు త్వరగా తెగును. ఒకనాడు విసరినవాడు కొన్ని దినములు విశ్రమింపవలసినదే. వారికి నూరు కాదు, మూడునూరు విజయములు గొప్ప సంఖ్య. ఆట ప్రారంభించిన పిచ్చరు ఐదు ఇన్నింగ్సులైనను పూర్తిచేసి, తన జట్టు ముందుండగా దిగిపోయి, ఆ మీద జట్టు ఆ ఆధిక్యమును పోగొట్టుకొనకయున్ననే విజయము అతని ఖాతాలో వ్రాయుదురు.

అర్లీ విన్ అను పిచ్చరు 1962లో 299వ విజయముదగ్గరకు వచ్చి నిలిచిపోయెను. మూడునూరవదాని కొరకు పదే పదే ప్రయత్నించెను, రాలేదు. ఆ యేడు చివర షికాగో జట్టువారు ఆయనను విడిచిపెట్టిరి. వాతరోగముతో కాళ్లు నొచ్చుచుండెను. 1963లో ఆటల కాలము సగము గడచుచుండగా, పాత జట్టు క్లీవ్‌లాండు ఆయనను మరల చేర్చుకొనెను. జూలై 13న కాన్సస్ సిటీలో, నలుబదిమూడవ యేట, ఆయన సరిగా ఐదు ఇన్నింగ్సులు మాత్రమే వేయగలిగెను. దిగిపోవునప్పటికి జట్టు 5-4తో ముందున్నది. మిగిలిన నాలుగు ఇన్నింగ్సులు జెర్రీ వాకరు అను ఇరువదినాలుగేండ్ల యువకుడు వేసి, ఎదుటివారికి ఒక్క పరుగైనను ఇయ్యక 7-4తో ఆటను నిలిపెను. విన్ లెక్క 300 ఆయెను. మరియొక్క విజయమును ఆయనకు రాలేదు. ఆ సంఖ్యయే ఆయన సమాధానము. వాకరు పేరు జ్ఞాపకముంచుకొన్నవారు కొద్దిమందియే. ఈ కథలో నాకు ప్రియమైన మనిషి మాత్రము అతడే.

అర్లీ విన్ పుట్టినది 1920 జనవరి 6. మన కపిల్‌దేవ్ పుట్టినది 1959 జనవరి 6. తేదీ ఒకటైనట్లే కథయు కొంత పోలియున్నది. 1994 ఫిబ్రవరి 8న అహమ్మదాబాదులో, ముప్పదియైదవ యేట, కపిల్ 432వ వికెట్టు తీసి న్యూజిలాండు దేశస్థుడు రిచర్డ్ హాడ్లీ లెక్కను దాటెను. దేశమంతయు సంతోషించెను. కాని చివరి దినములలో ఆయన వేగము బాగుగ తగ్గినది. అంతకాలము జవగళ్ శ్రీనాథ్ అను వేగముగల యువకుడు వేచియుండెను. 1991లోనే టెస్టు జట్టులోనికి వచ్చినను, కపిల్ విరమించువరకు శ్రీనాథునికి స్వదేశములో ఒక్క టెస్టును ఆడు భాగ్యము కలుగలేదు. తుదకు శ్రీనాథ్ 236 వికెట్లతో విరమించెను. ఆ వేచిన సంవత్సరములు అతని లెక్కలో ఏ గడిలో వ్రాయుదురు? కపిల్ సంఖ్య 434 దగ్గర ఆగగా, 2000 సంవత్సరములో వెస్టిండీసు బౌలరు కోర్ట్నీ వాల్ష్ దానిని దాటిపోయెను. ఆరేండ్లు నిలిచిన సంఖ్య అది. అయినను అంతకు ముందటి పదునారేండ్లు జట్టును మోసినవానికి కొన్ని నెలలు ఓపిక చూపుట తప్పా? ఇరుప్రక్కల పెట్టవలసినవి ఉన్నవి. సమాజ కూటములో దీనిని చర్చించుకొనునప్పుడు శ్రీనాథ్ పక్షమున మాటలాడువానిని ఒకనిని తప్పక నిలువబెట్టుడి. సాధారణముగా ఆ పక్షమునకు ఎవరును దొరకరు.

సంఖ్యయే లేనివాడు కూడ మనవారిలో ఉన్నాడు. సి.కె.నాయుడు గారు 1895లో నాగపూరులోని తెలుగు కుటుంబమున పుట్టి, 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడైనప్పటికే ముప్పదియారేండ్లవారు. ఆడిన టెస్టులు ఏడు. చేసిన పరుగులు 350. తీసిన వికెట్లు తొమ్మిది. ఈ అంకెలలో మైలురాయి ఏదియు లేదు. కాని ఏబదియారేండ్ల వయస్సున బొంబాయి జట్టుతో ఆడుచుండగా ఫడ్కర్ వేసిన బంతి ముఖమునకు తగిలి పండ్లు ఊడినను, ఆయన ఆట ఆపలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన కాలమున ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగినప్పుడు నాయకుడు ఆయనయే, ఏబదియెనిమిదేండ్లవాడు. చివరి పెద్ద ఆట అరువదియెనిమిదవ యేట ఆడిరి. ఇది చదివి, ముసలివారందరును కుర్చీ విడువకుండుటకు ఆధారము దొరికినదని సంతోషింపకుడి. ఆయన అప్పుడే పుట్టిన జట్టునకు నాయకుడుగా వచ్చెను. సిద్ధమైన పిల్లవాని చోటు ఆక్రమించుటకు కాదు.

ఇక పఠన భాగములకు వత్తము. కాలేబునకు ఎనుబదియైదేండ్లు. నలువది యేండ్ల వయస్సున వేగుచూచిన దేశములో ఇప్పుడు తన వంతు అడుగుచున్నాడు. అతడు అడిగినది చల్లని మాగాణి కాదు, అనాకీయులును ప్రాకారములుగల పట్టణములును ఉన్న కొండసీమ. అనగా ఇంకను చేయవలసిన పనిని అడిగెను. మోషే సంగతి వేరు. అతని దృష్టి తగ్గలేదు, బలము తగ్గలేదు. అయినను నెబో కొండమీదనుండి చూచుటతోనే ఆగవలసివచ్చెను. ఆటలోని సంఖ్యను ఆ దేశముతో పోల్చుట తగదని ఎరుగుదును. కాని బలము మిగిలియుండగా ఆగిపోయినవాని సంగతి మన గ్రంథములోను ఉన్నదని చెప్పుటకే దీనిని ఎత్తితిని. యెహోషువ ప్రక్కన సిద్ధముగా ఉండెననియు, అతనిమీద చేతులుంచినది మోషేయే అనియు ఆ అధ్యాయములోనే చూడుడి.

తెనాలి స్టేషనులో నిలువబడినవారు ఎరుగుదురు. ఒక మార్గము బాపట్లమీదుగా మద్రాసు వైపు పోవును. మరియొకటి రేపల్లెతో ఆగిపోవును. రేపల్లెలో దిగినవానిని, నీ ప్రయాణము పూర్తికాలేదని ఎవరును అనరు. అతడు వెళ్లవలసిన ఊరు అదియే.

వెంకటపతిరాజు గారు ఆట విరమించిన తరువాత 2007-08లో భారత జట్టును ఎన్నుకొను సెలెక్టర్లలో ఒకరుగా ఉండిరి. పెద్దవానికి ఇంకొక టెస్టు ఇయ్యవలెనా, చిన్నవానిని లోనికి పిలువవలెనా అను ప్రశ్న అప్పుడు బల్లకు ఈవలిప్రక్క కూర్చున్న ఆయన యెదుటికి వచ్చెను.