గడ్డకట్టిన దారికి నాలుగు టైర్లు

భూపాలపల్లి నుంచి

చిరంజీవి బిడ్డకు పెద్దనాయిన ఆశీస్సులు.

ఒటావాలో నువ్వు పాత కారు కొనబోతున్నావని మీ అమ్మ మహబూబాబాద్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. బండికి ఉన్నవి ఆల్-సీజన్ టైర్లేనట. చలికాలం టైర్లకు మళ్లీ డబ్బు పెట్టాలా అక్కర్లేదా అని నీ గదిలో నలుగురూ నాలుగు మాటలు చెబుతున్నారట. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి కాబట్టి పెద్దనాయినకు తెలుస్తుందని ఆమె నమ్మకం. పెద్దనాయిన బస్సు మంచు మీద ఎన్నడూ తిరగలేదు. కానీ టైరు ఎక్కడ పట్టు వదులుతుందో తెలుసు. మంచు సంగతి చదివి, కెనడాలో ఏళ్లుగా కారు నడుపుతున్న మన జనగామ పిల్లలను అడిగి తెలుసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాడు. చెప్పదలచిన మాట ముందే చెబుతున్నాడు: కొను. అందుకోసం ఇంకాస్త చవకైన కారు చూసుకోవాల్సి వచ్చినా ఫరవాలేదు, టైర్లు మాత్రం కొను.

"ఇక్కడ చట్టం అడగదు కదా" అని నీ స్నేహితురాలు అన్నదట. ఆ మాట నిజమే. ఒటావా ఉన్నది ఒంటారియో రాష్ట్రంలో, అక్కడ మామూలు కార్లకు చలికాలం టైర్లు తప్పనిసరి కాదు. ఊరి పక్కనే పారే ఒటావా నదికి అవతలి ఒడ్డున గాటినో ఉంది, అది క్యూబెక్. అక్కడ నమోదైన ప్రతి కారుకూ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు ఉండి తీరాలి, లేకపోతే 200 నుంచి 300 డాలర్ల జరిమానా. ఈ చట్టం 2008లో మొదలైంది. అప్పట్లో గడువు డిసెంబర్ 15 నుంచి ఉండేది, తర్వాత రెండు వారాలు ముందుకు జరిపారు. వంతెనకు ఇటు ఒక తీరు, అటు ఒక తీరు. రెండు ఒడ్డుల మీదా పడే మంచు మాత్రం ఒకటే. ఒటావాలో ఒక చలికాలంలో రెండు మీటర్లకు పైగా పడుతుంది.

చట్టం రాకముందు క్యూబెక్ రవాణా శాఖ చెప్పిన లెక్క ఒకటుంది. అప్పటికే పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తామే చలికాలం టైర్లు వేసుకునేవాళ్లు. వేసుకోనివాళ్లు పదిశాతమే, కానీ చలికాలపు ప్రమాదాల్లో 38 శాతం వాళ్ల బండ్లకు సంబంధించినవే. టైర్ల మీద ఖర్చు పెట్టని మనిషి మిగతా విషయాల్లోనూ అజాగ్రత్తగా ఉండొచ్చు కాబట్టి నింద మొత్తం రబ్బరు మీదే వేయలేం. అలా ఎంత తీసేసినా మిగిలేది చిన్నదేమీ కాదు.

ఇంతకీ ఆ టైరులో ఏముంది? మొదటిది రబ్బరు. జనవరిలో మన ఇళ్లలో సీసాలోని కొబ్బరినూనె తెల్లారేసరికి గడ్డకట్టి, వంచినా రాదు. మామూలు టైరు రబ్బరుదీ చలికి అదే వరస. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగిందంటే అది బిరుసెక్కి రోడ్డును పట్టడం తగ్గిస్తుంది. భూపాలపల్లిలో ఎంత చలి పెట్టినా ఆ అంకె దాకా పోవడం అరుదు కాబట్టి మనకిక్కడ ఈ బెడద తెలియదు. ఒటావాలో మైనస్ 20 మామూలు మాట. చలికాలం టైరులో సహజ రబ్బరు, సిలికా పాళ్లు వేరుగా ఉంటాయి. ఆ చలిలోనూ అది మెత్తగా ఉంటుంది.

రెండోది బటన్, అంటే రోడ్డును తాకే భాగం మీది అచ్చు. గాడులు లోతుగా ఉంటాయి, ఒక్కో దిమ్మె మీద కత్తితో గీసినట్టు సన్నటి చీలికలు కూడా ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు అవి తెరుచుకుని మంచును కరిచిపట్టుకుంటాయి. ఇలాంటి టైరును మొట్టమొదట చేసింది ఫిన్లండ్‌లో. నోకియా ఊళ్లోని రబ్బరు కంపెనీ 1934లో లారీల కోసం తయారుచేసింది. రెండేళ్ల తర్వాత, 1936లో, కార్ల టైరు వచ్చింది. సరుకు ఆగకూడదని ముందు లారీకి చేశారన్న సంగతి చదివినప్పుడు, బస్సు నడిపిన మనిషిగా పెద్దనాయినకు చాలా సంతోషమైంది.

ఇక కొనేటప్పుడు చూడాల్సిన గుర్తు. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉండాలి. 1999 నుంచి వాడుకలో ఉన్న ఈ గుర్తును మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే ఇస్తారు. 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలు చూసి సరిపెట్టుకోకు. బురదకూ మంచుకూ పనికొస్తుందని చెప్పే ఆ అక్షరాలను బటన్ ఆకారాన్ని బట్టి కంపెనీయే వేసుకుంటుంది, ఏ పరీక్షా అక్కర్లేదు. చాలా ఆల్-సీజన్ టైర్ల మీద ఉండేవి అవే. క్యూబెక్ 2014 డిసెంబర్ నుంచి కొండ గుర్తు ఉన్నవాటినే ఒప్పుకుంటోంది. జర్మనీ కూడా 2024 అక్టోబర్ నుంచి అదే దారి పట్టింది. ఒంటారియో అడగకపోయినా నువ్వు ఆ కొలతే పెట్టుకో. 'ఆల్-వెదర్' అని ఇంకో రకం ఉంది, దాని మీద ఈ కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా వాడుకోవచ్చు. వాంకూవర్ లాంటి తక్కువ చలి ఊళ్లో ఉన్నవాళ్లకు అది చాలు. ఒటావా చలికి మాత్రం అసలైన చలికాలం టైరే వేయాలన్నది మన జనగామ పిల్లలందరి మాట.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి, మన అలవాటు అక్కడ నిన్ను తప్పుదారి పట్టించే చోటు. ఇక్కడ బస్సుకైనా లారీకైనా కొత్త టైర్లు ముందు వేస్తాం, రీబటన్ టైర్లు వెనక్కి పంపుతాం. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదని మన భయం, బరువు బండ్లకు అది సరైన భయమే. ఆ లెక్కనే, డబ్బు తక్కువైందని రెండే చలికాలం టైర్లు కొని కారు ముందు చక్రాలకు బిగిస్తే చాలనిపిస్తుంది. అలా చేయకు. ముందు చక్రాలు మంచును పట్టుకుంటాయి, వెనక చక్రాలు పట్టుకోవు. మలుపులోనో బ్రేకు వేసినప్పుడో వెనక భాగం జారి బండి మొత్తం గిర్రున తిరుగుతుంది. కొంటే నాలుగూ ఒకే రకానివి కొనాలి.

నీ గదిలోని పిల్లవాడొకడు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొంటే టైర్ల గొడవే ఉండదన్నాడట. నాలుగు చక్రాలూ తిరిగితే బండి మంచులోంచి కదులుతుంది, నిజమే. ఆపేటప్పుడు ఆ సదుపాయం చేసేదేమీ లేదు, ఎందుకంటే ప్రతి కారూ బ్రేకు వేసేది నాలుగు చక్రాలతోనే. ఏబీఎస్ కూడా చక్రం బిగుసుకుపోకుండా చూసి స్టీరింగ్‌ను నీ మాట విననిస్తుంది, లేని పట్టును తెచ్చిపెట్టదు. లెక్క వేసి చూడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టాక ఆ కారు సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద 50 మీటర్ల దాకా పోతుంది. నున్నటి గడ్డ మీదైతే వంద మీటర్లకు దగ్గర. మంచి టైరు ఈ దూరాన్ని తగ్గిస్తుందే తప్ప పొడి రోడ్డుతో సమానం చేయలేదు. కాబట్టి టైర్లు మార్చానన్న ధీమాతో వేగం పెంచితే పెట్టిన డబ్బంతా వృథా.

నీళ్ల సంగతి మన జిల్లాల పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగితే హెలికాప్టర్లు వచ్చి జనాన్ని తీసుకుపోయాయి. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి మొత్తం కొట్టుకుపోయింది. రోడ్డు మీద వాగు పారుతుంటే బండి దింపకూడదని మనకు ఒంట్లోనే ఉంటుంది. ఇక్కడ బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద తొలకరి చినుకులు పడగానే దుమ్ము జిగురై ఎలా జారుతుందో నువ్వు స్కూటీ మీద చూసినదానివే. గడ్డకట్టిన నీటి సంగతి అలా కాదు, అది మనలో ఎవరికీ పుట్టుకతో రాదు. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో ముగ్గురు తెలుగువాళ్లు వుడ్స్ కాన్యన్ సరస్సు మీద గట్టిపడిందనుకున్న గడ్డ మీదికి నడిచారు. అది విరిగి నీళ్లలో పడి చనిపోయారు. చదువుకున్నవాళ్లు, ఏళ్లుగా అక్కడే ఉన్నవాళ్లు. వాళ్ల ఇళ్లకు చేరిన ఆ కబురు తలచుకుంటే పెద్దనాయినకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఈ ఉత్తరం ఇంత పొడుగు కావడానికి అదీ ఒక కారణం.

అందుకని రోడ్డు మీద కనిపించని గడ్డ గురించి కూడా విను. 'బ్లాక్ ఐస్' అంటారట, తారు రంగులోనే కలిసిపోతుంది, తడి రోడ్డులా కనిపిస్తుంది. వంతెనల మీద ముందు కడుతుంది, ఎందుకంటే కింద నేల వెచ్చదనం ఉండదు, గాలి పైనుంచీ కిందినుంచీ తగులుతుంది. గాటినో వెళ్లాలంటే నువ్వు వంతెన దాటాల్సిందే. వంతెన ఎక్కకముందే వేగం తగ్గించు, దాని మీద ఉండగా బ్రేకు గట్టిగా తొక్కకు. వెనక భాగం జారితే కాలు తీసేసి, బండి ఎటు పోవాలో అటు చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పాలి. మొదటి మంచు పడ్డ రోజున ఖాళీ పార్కింగ్ స్థలంలో, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా ఇది సాధన చేయి.

డబ్బు మాటకొస్తే, నాలుగు టైర్లకు వందల డాలర్లు అవుతాయి. ఏటా రెండుసార్లు మార్పించే కూలి, తీసిన జత దాచుకునే చోటు అదనం. విడిగా ఇనుప రిమ్ములు కొని చలికాలం టైర్లు వాటికే బిగించి ఉంచుకుంటే మార్పు సులువు. ఒక జత వాడుతుంటే ఇంకో జత అరగదు కాబట్టి రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఒంటారియోలో 2016 జనవరి 1 నుంచి చలికాలం టైర్లు వేసుకున్నవాళ్లకు ప్రతి బీమా కంపెనీ ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. పాలసీ తీసుకునేటప్పుడు అడుగు, అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

చలి మొదలై 7 డిగ్రీల కిందే ఉండిపోయేదాకా ఆగకుండా అక్టోబర్ చివర్లోనే మార్పించు. మొదటి మంచు పడ్డాక వర్క్‌షాపుల ముందు వరుస కడతారు. ఏప్రిల్‌లో తీసెయ్యి, ఎండకు ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది. మేకులున్న టైర్లు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోకు, ఒంటారియో దక్షిణ ప్రాంతంలో వాటికి అనుమతి లేదు, ఒటావా అందులోనే ఉంది.

సెకండ్ హ్యాండ్ టైర్లు కొంటే రెండు చూడాలి. బటన్ లోతు 4 మిల్లీమీటర్లకు దగ్గరపడితే అవి మంచుకు పనికిరావు. 1.6 మిల్లీమీటర్లు అన్నది చాలాచోట్ల చట్టం ఒప్పుకునే అట్టడుగు హద్దు, మంచుకు సరిపడే కొలత కాదు. టైరు పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి, 3522 అని ఉంటే 2022లో 35వ వారంలో తయారైందని. బటన్ బాగున్నా ఏళ్లు మీదపడితే రబ్బరు గట్టిపడుతుంది. గాలి కూడా చలికి దిగిపోతుంది. దాదాపు ప్రతి 5, 6 డిగ్రీల తగ్గుదలకు ఒక పాయింటు చొప్పున, శరదృతువులో నింపిన గాలి జనవరికల్లా ఐదారు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. నెలకోసారి చూపించు.

డిక్కీలో చిన్న పార, కంబళి, టార్చి, గీకుడు బ్రష్షు ఉండాలి. పెట్రోలు సగానికి తగ్గనివ్వకు. 2022 డిసెంబర్‌లో అమెరికా బఫలో పట్టణాన్ని ముంచిన మంచు తుఫానులో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కార్లలోనే చిక్కుకుపోయినవాళ్లూ ఉన్నారు. అలాంటి రోజున ఏ టైరూ కాపాడదు, బయలుదేరకుండా ఉండటమే పని. దారిలో చిక్కుకుంటే మాత్రం బండిలోనే ఉండు, ఇంజిన్ వేసేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యి, లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది.

ఇంకొక్క మాట, నీకు నచ్చకపోవచ్చు. యూనివర్సిటీ ఫీజులోనే మీకు బస్సు పాసు ఉందని చెప్పావు. ఈ మొదటి చలికాలం బస్సులోనే తిరిగి, మంచు ఎలా పడుతుందో, రోడ్లు ఎలా ఊడుస్తారో, అక్కడివాళ్లు ఎంత దూరం వదిలి నడుపుతారో కిటికీలోంచి చూసి, వసంతంలో కారు కొంటే పెద్దనాయిన మనసు ఇంకా కుదుటపడుతుంది. రాత్రి పని చేసే చోటికి బస్సు లేదు, ఇప్పుడే తప్పదంటావా, సరే. టైర్ల డబ్బు నీ జీతంలోంచి తీయకు. జనగామలో మీ చిన్నాయన, నేను మాట్లాడుకున్నాం, ఈ వారంలో పంపుతాం. కొనేముందు నాలుగు టైర్ల పక్క గోడలూ ఫోటో తీసి పంపు. కొండ గుర్తు, తయారీ అంకెలు రెండూ కనబడేలా తీయి. అవి చూశాకే డబ్బు చెల్లించు.

ఇట్లు
మీ పెద్దనాయిన