ఒక నక్షత్రం, ఒక గ్రహణం

చదువుకుంటున్న మన పిల్లల చేతుల్లో అప్పుడప్పుడు సైన్స్ కథల పుస్తకాలు కనిపిస్తుంటాయి. రాకెట్లు, వింత జీవులు, కాలక్షేపం అనుకుని పెద్దలు పట్టించుకోరు. కాని వాటిలో కొన్ని సూటిగా ఈమాన్‌నే ప్రశ్నిస్తాయి. అలాంటి ఒక కథను ఇక్కడ పరిశీలిద్దాం.

ఆర్థర్ సి. క్లార్క్ అనే ఆంగ్ల రచయిత 1955లో ‘ది స్టార్’ అనే చిన్న కథ ప్రచురించాడు. మరుసటి ఏడాది దానికి హ్యూగో బహుమతి వచ్చింది. కథ చెప్పే వ్యక్తి క్రైస్తవ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా. అతని బృందం అంతరిక్ష నౌకలో వెళ్ళి, ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం శిథిలాలను చేరుకుంటుంది. అక్కడ మిగిలిన చిట్టచివరి గ్రహం మీద ఒక భాండాగారం దొరుకుతుంది. తమ సూర్యుడు పేలబోతున్నాడని ముందే తెలుసుకున్న ఒక జాతి, తప్పించుకునే దారిలేక, తమ నాగరికత ఫలాలన్నిటినీ అందులో భద్రపరచి అంతరించిపోయింది. సముద్రతీరాన ఆడుకుంటున్న వాళ్ళ పిల్లల దృశ్యాలు కూడా అందులో ఉన్నాయి.

దేవుడు మనిషికి సంజాయిషీ ఇవ్వనక్కరలేదని ఆ గురువుకు తెలుసు. అంతవరకు తట్టుకుంటాడు. కాని పేలుడు జరిగిన కాలాన్ని లెక్కగట్టినప్పుడు, బెత్లెహేముపై వెలిగిందని క్రైస్తవులు విశ్వసించే తార ఇదేనని తేలుతుంది. ఆ ఒక్క దీపం కోసం ఇంతమందిని కాల్చాలా? అతని విశ్వాసం అక్కడ తడబడుతుంది.

మర్యమ్ సూరాలో హజ్రత్ ఈసా (అలైహి) జనన వృత్తాంతం ఉంది. అందులో ఖర్జూరపు చెట్టు ఉంది గాని నక్షత్రం లేదు. కనుక ఇది మన సమస్య కాదని పుస్తకం మూసేయవచ్చు. అది తప్పించుకోవడమే అవుతుంది. కాలిపోయిన ఆ పిల్లల గురించిన ప్రశ్న ఎక్కడికీ పోదు.

ముందు ఆ గురువు వేసిన ముడిని చూద్దాం. పేలుడు ఎప్పుడు జరిగిందన్నది లెక్క. ‘దీని కోసమే’ జరిగిందన్నది ఊహ. హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీమ్ పాలు తాగే వయసులోనే మరణించారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. క్రీ.శ. 632 జనవరి 27న మదీనాలో గ్రహణం కనిపించిందని నేటి ఖగోళ లెక్కలు కూడా చెబుతున్నాయి. ఇబ్రాహీమ్ మరణం వల్లనే ఇలా జరిగిందని ప్రజలు అనుకున్నారు. వాళ్ళు చూసిన గ్రహణం నిజం. వేసిన ముడి తప్పు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. ఊరుకుని ఉంటే ఆయన ఘనతే పెరిగేది. అయినా ఊరుకోలేదు.

ప్రతి కొత్త ఆవిష్కరణనూ ఏదో ఒక ఆయత్‌కు తగిలించి మురిసిపోయే ప్రసంగీకులు మనలోనూ ఉన్నారు. ఆ సిద్ధాంతం రేపు మారితే వింటున్న కుర్రవాడి ఈమాన్ ఏం కావాలి? ఈ అలవాటు నాకు ఏమాత్రం నచ్చదు.

ఇక ఆ పిల్లల సంగతి. ఇది కల్పిత గ్రహానికే పరిమితమైన ప్రశ్న కాదు. క్లార్క్ 1956 నుంచి 2008లో మరణించేవరకు శ్రీలంకలోనే నివసించాడు. 2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీ ఆ దేశంలో 30 వేలకు పైగా ప్రాణాలు తీసింది. మన ఆంధ్ర తీరంలోనూ తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారు. వాళ్ళను అడిగితే టెలిస్కోపు అవసరం లేకుండానే ఈ ప్రశ్న వినిపిస్తుంది.

కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలైహి), హజ్రత్ ఖిజ్ర్‌ల వృత్తాంతం మనకు తెలిసిందే. పడవకు చిల్లు పడింది, ఒక బాలుని ప్రాణం పోయింది, కూలబోతున్న గోడ నిలబడింది. అంతటి ప్రవక్త కూడా ఓర్చుకోలేక ప్రశ్నించారు. వాటి వెనుక మర్మం చివరకు ఆయనకు తెలిసింది. కాని ఆ పడవవాళ్ళకు, ఆ తల్లిదండ్రులకు ఎవరైనా వెళ్ళి వివరించినట్లు ఖుర్ఆన్‌లో లేదు. మనలో చాలామంది ఆ పడవలోనివాళ్ళమే. క్లార్క్ కథలో ఆ జాతి లెక్క బూడిదతో ముగుస్తుంది. ఆఖిరత్‌ను నమ్మేవారికి లెక్క అక్కడ ముగియదు.

అంతమాత్రాన దుఃఖించకూడదని కాదు. ఇబ్రాహీమ్ చివరి ఘడియల్లో దైవప్రవక్త (సఅసం) కళ్ళు వర్షించాయి. మీరు కూడానా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యంగా అడిగితే, ఇది కారుణ్యమని జవాబిచ్చారు.

కాబట్టి పిల్లవాడు ఇలాంటి కథ తెచ్చి అడిగినప్పుడు పుస్తకం లాక్కోవద్దు, కసరవద్దు. కూర్చోబెట్టి ఇబ్రాహీమ్ సంఘటన చెప్పండి. మన ఇళ్ళలో కొందరు గ్రహణం వేళ గర్భిణీని కత్తి పట్టనివ్వరు, గడప దాటనివ్వరు. షరీఅత్‌లో దానికి ఏ ఆధారమూ లేదు. గ్రహణం పట్టినప్పుడు దైవప్రవక్త (సఅసం) మస్జిద్‌కు వెళ్ళి ప్రజలతో రెండు రకాతుల సుదీర్ఘ నమాజు చేశారు. దుఆ చేయమని, దానధర్మాలు చేయమని చెప్పారు. ఈసారి గ్రహణం వచ్చినప్పుడు పిల్లలను ఆ నమాజుకు వెంట తీసుకెళ్ళండి.