మందుల షాపులో చేస్తున్నారా? ముందు డి.ఫార్మసీ సంగతి చూడండి

ఇంటర్ అయ్యాక ఇంటి అవసరం కొద్దీ మెడికల్ షాపులో చేరేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఏడాది తిరిగేసరికి డాక్టరు గీతల్ని గడగడా చదివేస్తారు. ఏ మందు ఏ అరలో ఉందో చూడకుండా చెప్పేస్తారు. అయిదేళ్లు గడిచినా హోదా మాత్రం మారదు. డాక్టరు చీటీకి మందు ఇచ్చే అధికారాన్ని 1948 నాటి ఫార్మసీ చట్టం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే కట్టబెట్టింది. మిగతావాళ్లు ఎంత పనిమంతులైనా ఆయన కింద సహాయకులే. అందుకే ఈ పనిలో స్థిరపడాలనుకుంటే మొదటి ఒకటి రెండేళ్లలోనే చదువు సంగతి తేల్చుకోవాలి.

చదువు దారి

డి.ఫార్మసీ రెండేళ్ల కోర్సు. ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ చదివినవాళ్లు చేరవచ్చు. తర్వాత 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది. డిప్లొమా వాళ్లకు ఎగ్జిట్ పరీక్ష పెడుతూ 2022లో నిబంధనలు వచ్చాయి. మీ బ్యాచ్‌కు అవి ఎలా వర్తిస్తాయో చేరేముందే కనుక్కోండి. ఆపైన రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే మీరు ఫార్మసిస్టు. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. 'క్లాసులకు రానక్కర్లేదు, సర్టిఫికెట్ మేం ఇప్పిస్తాం' అన్నవాళ్ల గడప తొక్కకండి. ఉన్న ఉద్యోగం వదులుకోలేకపోతే, సాయంత్రం షిఫ్టు ఇమ్మని యజమానిని ముందే అడగండి. పని తెలిసిన మనిషిని పోగొట్టుకోవడం ఆయనకూ నష్టమే.

కౌంటర్ దగ్గర నేర్చుకోవాల్సినవి

ఉదాహరణకు ఇన్సులిన్. సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజరంగు మూత సిరంజి ఇవ్వాలి. 100 సీసాకు ఎర్రమూత సిరంజి అంటగడితే, 10 గీత దాకా లాగిన రోగి ఒంట్లోకి 25 యూనిట్లు పోతాయి. చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి సీసా, సిరంజి రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే కవర్లో వేయండి. ఇన్సులిన్ నిల్వను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు చివరిదాకా మిగలనివ్వండి. లేకపోతే మిగిలిన ముక్క ఎప్పటిదో మీకే తెలియదు. అరలో గడువు దగ్గరపడ్డ సరుకు ముందుకు, కొత్తది వెనక్కి సర్దాలి.

షెడ్యూల్ హెచ్1 మందుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, నిద్రమాత్రలు ఇందులోకి వస్తాయి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామన్నది రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు అడిగేవాటిలో ఈ పుస్తకం ఒకటి. 'తెలిసినవాళ్లమే కదా, చీటీ లేకుండా నాలుగు మాత్రలివ్వు' అని ఎవరడిగినా, 'చీటీ తెండి, వెంటనే ఇస్తాను' అనడం అలవాటు చేసుకోండి. అలిగి పోయినవాళ్లు మళ్లీ వస్తారు.

ముందుకు వెళ్లే దారులు

రిజిస్ట్రేషన్ చేతికొస్తే ఆసుపత్రి ఫార్మసీలు, చెయిన్ షాపులు, ప్రభుత్వ వైద్యశాఖలో ఫార్మసిస్ట్ గ్రేడ్-2 పోస్టులు అందుబాటులోకి వస్తాయి. ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. సొంత షాపు పెట్టుకుంటే వేరే ఫార్మసిస్టు కోసం వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే గంటల తరబడి నిలబడటం, ఆదివారాలు, పండగలు, రాత్రి షిఫ్టులు ఏ దశలోనూ పూర్తిగా తప్పవు. ఇంట్లోవాళ్లకు ఆ మాట ముందే చెప్పుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక సర్టిఫికెట్ అద్దెకివ్వమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మీరు లేని షాపులో మీ పేరు గోడకు వేలాడుతుంటే, అక్కడ జరిగే ప్రతి పొరపాటుకూ జవాబు చెప్పాల్సింది మీరే. అర్హత లేకుండా మందిచ్చినవాళ్లకు మూడు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడేలా 2023లో చట్టాన్ని సవరించారు. నెలనెలా వచ్చే ఆ కాస్త అద్దెకు ఆశపడి కష్టపడి తెచ్చుకున్న రిజిస్ట్రేషన్‌ను పణంగా పెట్టకండి.