పాములు కూడా ఒక సముదాయమే

నేలపై తిరిగే జంతువులనూ, రెక్కలతో ఎగిరే పక్షులనూ మనలాంటి సముదాయాలుగా (ఉమ్మత్‌లుగా) దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 38వ ఆయతులో పేర్కొంది. అయితే కొందరు ఇలా అడుగుతుంటారు: "పామును చంపడానికి హదీసుల్లో అనుమతి ఉంది కదా! మరి పాముల జాతి ఒకటి అంతరించిపోతే మనకేమిటి?" జవాబు చెప్పుకునే ముందు ఒక ఉదంతం తెలుసుకుందాం.

కరీబియన్ సముద్రంలో ఆంటిగ్వా అనే దీవి ఉంది. అక్కడ ఆంటిగ్వా రేసర్ అనే పాము ఉండేది. మనిషికి హాని చేయదు, బల్లులను తిని బతుకుతుంది. 19వ శతాబ్దం చివర్లో చెరకు తోటల్లో ఎలుకల బెడద పోగొట్టాలని ముంగిసలను తెచ్చి వదిలారు. ఎలుకలు రాత్రిపూట తిరుగుతాయి, ముంగిసలు పగటిపూట వేటాడతాయి. కనుక ఎలుకలు మిగిలాయి, పగలు తిరిగే ఆ పాములు బలైపోయాయి. ఆ జాతి ఇక లేదనే అనుకున్నారు. కానీ ముంగిసలు చేరని గ్రేట్ బర్డ్ అనే బుల్లి దీవిలో కొన్ని మిగిలాయి. 1995లో లెక్క చూస్తే అవి సుమారు 50 మాత్రమే! అక్కడ కూడా ఎలుకలు వాటిని కొరికి గాయపరుస్తున్నాయి. దాంతో ఆ దీవిలో ఎలుకలను నిర్మూలించారు. తర్వాత కొన్ని పాములను చుట్టుపక్కల దీవుల్లోనూ వదిలారు. నేడు వాటి సంఖ్య వెయ్యి దాటింది.

ఇక ప్రశ్నకు వద్దాం. ప్రమాదకరమైన పామును చంపే అనుమతి నిజమే. కానీ ఇళ్ళలో కనిపించే పాములను ముందు హెచ్చరించాలని కూడా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఒక చీమ కుట్టినందుకు చీమల పుట్టనే కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించాడని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. కుట్టింది ఒక్క చీమ, కాలిపోయింది అల్లాహ్‌ను స్తుతించే ఒక సముదాయం. కుక్కల విషయంలోనూ, అవి ఒక సముదాయం కాబట్టే వాటన్నింటినీ చంపమని ఆజ్ఞాపించలేదని ఆయన (స) తెలిపినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

దీన్నిబట్టి మనకు అర్థమయ్యేదేమిటి? హాని నుండి ప్రాణం కాపాడుకోవడం వేరు, అల్లాహ్ పుట్టించిన ఒక జాతినే తుడిచిపెట్టడం వేరు. మొదటిదానికి ఇచ్చిన అనుమతి రెండోదానికి వర్తించదు.

మన పొలాల్లో తిరిగే జెర్రిపోతుకు విషం లేదు, అది ఎలుకలను తిని పంటకు మేలు చేస్తుంది. పాము కనబడగానే కర్ర అందుకోకుండా, దూరంగా నిలబడి, పాములు పట్టేవారిని పిలుద్దాం. మన పిల్లలకూ ఇదే నేర్పుదాం. తాను సృష్టించిన ప్రాణుల పట్ల న్యాయంగా మెలిగే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.