ఉన్న కెమెరాతోనే సాక్ష్యం వీడియో చక్కగా తీద్దాం



ఇక్కడ ఇంగ్లండులో మన సహవాసం అద్దెకు తీసుకునే హాల్లో, కిందటి క్రిస్మస్‌కు ఒక అక్కగారి సాక్ష్యం రికార్డు చేశాను. పదిహేను నిమిషాలు ఎంతో హృదయపూర్వకంగా చెప్పారు. ఆ వీడియో ఊళ్లో ఉన్న వాళ్లమ్మగారికి పంపితే, ఆవిడ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? కళ్లు అంత లోతుకు పోయాయేంటి?" అక్కకు ఏ జబ్బూ లేదు. తప్పు నాది. తెల్ల గోడకు ఆనించి, నెత్తిమీద ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి, కెమెరాను ఆటోలో పెట్టి బటన్ నొక్కాను.

కొత్త కెమెరా కొనిపించమని పెద్దలను అడుగుదామనుకున్నాను. దానికి ముందు ఉన్నదాన్నే నేర్చుకోవాలనిపించింది. మన దగ్గరున్నది కెనాన్ ఈఓఎస్ 2000డి, దానితో వచ్చిన 18-55 లెన్సు. అమెరికాలో ఇదే కెమెరాను రెబెల్ టీ7 అని, మన దేశంలో 1500డి అని అమ్ముతారు. మీడియా పనిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను నేర్చుకున్న సంగతులు ఇవి.

1. ముందు వెలుగు చూడండి

నెత్తిమీది లైటు కళ్ల కింద, ముక్కు కింద నీడలు వేస్తుంది. మనిషి అలసిపోయినట్టు కనిపించేది అందుకే. పగటిపూట పెద్ద కిటికీ దగ్గర కుర్చీ వేసి, వెలుగు ముఖానికి ఒక పక్కగా, కొంచెం ముందునుంచి పడేలా కూర్చోబెట్టండి. కిటికీని మాత్రం వెనక పెట్టకండి. గదిలో ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి, రెండు రకాల వెలుగు కలిస్తే చర్మం రంగు పాడవుతుంది. నీడ పడిన రెండో చెంప వైపు, ఫ్రేములోకి రాకుండా, ఒక తెల్ల దుప్పటి పట్టుకుంటే చాలు.

చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది కదా. అప్పుడు ల్యాంపును నేరుగా ముఖం మీదకు తిప్పకుండా, పక్కనున్న తెల్ల గోడ మీదకు తిప్పండి. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు మెత్తగా ఉంటుంది.

2. దూరం జరగండి, జూమ్ చేయండి

లెన్సును 18 దగ్గర పెట్టి ముఖానికి దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్టుంటాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి 50-55 దగ్గర పెట్టండి. కెమెరాను ట్రైపాడ్ మీద కళ్ల ఎత్తులో ఉంచండి. మనిషికీ వెనక గోడకూ మధ్య కనీసం ఏడెనిమిది అడుగులు వదిలితే వెనక ఉన్నది కొంత మసకబారి, ముఖం ఎత్తి కనిపిస్తుంది.

3. ముఖాన్ని బట్టి వెలుగు సరిచేయండి

తెల్ల గోడ, తెల్ల చీర ఎక్కువగా కనిపిస్తే, ఆటోలో ఉన్న కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. మన ముఖాలు చీకట్లోకి పోతాయి. మెనూలో మూవీ ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌కు మార్చండి.

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. అమెరికాలో ఉన్నవారు 30 ఫ్రేములు, 1/60 పెట్టాలి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. దీనికి సరిపడకపోతే లైట్లు మినుకుమినుకుమంటాయి. అపర్చర్ లెన్సు ఇచ్చే అతి చిన్న అంకె దగ్గర ఉంచండి, 55 దగ్గర అది 5.6. ఇక ఐఎస్ఓను 400 నుంచి మొదలుపెట్టి ముఖం సరిగ్గా కనిపించేదాకా పెంచండి. 1600 దాటితే చుక్కలు ఎక్కువవుతాయి, అప్పుడు వెలుగునే పెంచండి.

వైట్ బ్యాలెన్స్‌ను కిటికీ వెలుగుకు తగ్గట్టు పెట్టి వదిలేయండి. ఆటోలో ఉంటే మాట మధ్యలో ముఖం రంగు మారిపోవచ్చు. పిక్చర్ స్టైల్‌లో న్యూట్రల్ ఎంచుకుని షార్ప్‌నెస్ తగ్గిస్తే పెద్దవారి ముడతలు గట్టిగా కనిపించవు.

ఒక్క మనవి. చక్కగా తీయడమంటే తెల్లగా చూపించడం అనుకోకండి. నల్లగా ఉన్నవారు నల్లగానే, కళ కట్టిన ముఖంతో కనిపించాలి. నుదుటి మీద తెల్లటి మెరుపు మచ్చ వస్తే వెలుగు ఎక్కువైందని గుర్తు.

4. ఫోకస్, శబ్దం

వీడియో తీసేటప్పుడు ఈ కెమెరా ఆటోఫోకస్ వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ పోతుంది. లెన్సు మీటను ఎంఎఫ్‌కు మార్చి, తెరమీద కంటిని పెద్దది చేసి చూసి, ఫోకస్ కుదిర్చి వదిలేయండి. కూర్చున్నవారు ముందుకు వంగకుండా వెనక్కి ఆనుకునే కుర్చీ ఇవ్వండి.

దీనికి బయటి మైక్ పెట్టే జాక్ లేదు. ఒక ఫోనుకు కాలర్ మైక్ తగిలించి, ఫోనును వారి ఒళ్లో పెట్టి రికార్డు చేయండి. మొదట్లో ఒక్క చప్పట్లు కొడితే, ఎడిటింగులో ఆ చప్పుడు దగ్గర రెండూ కలపవచ్చు. ఒక్క బిగిన అరగంటకు మించి కెమెరా రికార్డు చేయదు, ఆలోగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసం

మీ ఇంట్లో ఒకరిని ఒకసారి ట్యూబ్‌లైటు కింద ఆటోలో, మరోసారి కిటికీ పక్కన పై పద్ధతిలో, ఒక్కొక్క నిమిషం తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ అక్కగారిని బతిమాలి, ఫిబ్రవరిలో వాళ్లింటి కిటికీ దగ్గర మళ్లీ తీశాను. అదే కెమెరా, అదే చీర. ఈసారి వాళ్లమ్మగారు ముఖం గురించి ఏమీ అడగలేదు. కూతురు చెప్పిన సాక్ష్యం చివరిదాకా విని, ఇంకోసారి పెట్టించుకుని విన్నారట.