మనవడు వీపెక్కితే...

కొన్నేళ్ళ క్రితం తాండూరులో ఒక పెద్దాయన అసర్ నమాజుకు తన నాలుగేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. జీవితమంతా బండల పాలిష్ పనిలో గడిపిన మనిషి. అందరూ సజ్దాలో ఉండగా పిల్లవాడు తాత వీపెక్కి కూర్చుని కిలకిలా నవ్వాడు. నమాజు ముగియగానే వెనుక వరుసలోంచి ఒకరు గద్దించారు: “పిల్లల్ని ఇంట్లో వదిలి రండి. ఇదేమైనా ఆటస్థలమా?” పెద్దాయన ఏమీ అనలేదు. మనవడి చెప్పులు వెతికి తొడిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఒంటరిగానే వచ్చారు. అడిగితే, “మస్జిదు పేరెత్తితే ఏడుస్తున్నాడు సాబ్, తిడతారంటున్నాడు” అన్నారు. ఆ గద్దింపు విని నేను కూడా నోరు మెదపలేదు. అది ఇప్పటికీ నా మనసును తొలుస్తూనే ఉంది.

సోదర సోదరీమణులారా! సరిగ్గా ఇలాంటి సంఘటనే మదీనాలో జరిగింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాటి సాయంకాలపు నమాజుకు తమ మనవలు హసన్, హుసైన్‌లలో ఒకరిని ఎత్తుకొని వచ్చారు. పిల్లవాణ్ణి దింపి నమాజు చేయించసాగారు. ఒక సజ్దా ఎంతో దీర్ఘమైపోయింది. హజ్రత్ షద్దాద్ (రజి) తల ఎత్తి చూస్తే, పిల్లవాడు ఆయన వీపుపై ఉన్నాడు! ఆయన మళ్ళీ సజ్దాలోకి వెళ్ళిపోయారు. నమాజు తర్వాత సహచరులు, ఏదైనా ఆపద వచ్చిందా, లేక దైవవాణి అవతరిస్తోందా అని ఆందోళనగా అడిగారు. అలాంటిదేమీ లేదని, బిడ్డ తన వీపెక్కాడని, వాడి ముచ్చట తీరేవరకూ తొందరపెట్టడం తనకు ఇష్టం లేకపోయిందని ప్రవక్త (స) చెప్పారు. ఈ ఉల్లేఖనం నసాయి హదీసు గ్రంథంలో ఉంది. వెనుక జమాఅత్ మొత్తం సజ్దాలో వేచి ఉంది. అయినా పిల్లవాణ్ణి విదిలించలేదు.

మనవడు కాబట్టి ముద్దు చేశారనుకుంటారేమో. ఆడపిల్ల పుడితే తండ్రి ముఖం నల్లబడే ఆ సమాజంలో, తమ కుమార్తె జైనబ్ (రజి) కూతురు ఉమామాను ఎత్తుకొనే ఆయన నమాజు చేయించారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దింపేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. మనవడికి సైకిలు, మనవరాలికి బిస్కెట్ పొట్లం తెచ్చే తాతయ్యలు ఈ హదీసును కాస్త నిదానంగా చదవాలి.

ఈ వాత్సల్యాన్ని ప్రవక్త (స) తమ బాల్యంలోనే చవిచూశారు. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరేళ్ళకు తల్లి పోయారు. అప్పుడు అక్కున చేర్చుకున్నది తాత అబ్దుల్ ముత్తలిబ్. కాబా నీడలో ఆయన కోసం ఒక పరుపు పరిచేవారు. గౌరవంతో కన్నకొడుకులు కూడా దానిపై కూర్చునేవారు కాదు. ఈ చిన్నారి వెళ్ళి దర్జాగా కూర్చునేవారు. బాబాయిలు పక్కకు లాగబోతే, వదిలేయండని తాత వారించి, మనవడి వీపు నిమిరేవారు. రెండేళ్ళకే, మనవడికి ఎనిమిదేళ్ళ వయసులో, ఆ తాత కన్నుమూశారు.

తాతల చేతిలో ఉండే గడువు ఇంతే. వికారాబాద్‌లో ఎన్నో ఇళ్ళలో తండ్రి పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ పనికి పోతాడు, పిల్లలు నిద్రపోయాక తిరిగి వస్తాడు. కొందరి తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. పగలంతా పిల్లల కళ్ళెదుట ఉండే పెద్దమనిషి తాతయ్యే. ఆయనేమో మంచం మీద ఒక ఫోను చూస్తుంటే, మనవడు గడప దగ్గర ఇంకొకటి చూస్తున్నాడు!

“నాకు చదువు రాదు, వాడికేం నేర్పను?” అంటారు కొందరు. తాండూరు బండ భూమిలో పొరలు పొరలుగా ఎలా ఉంటుందో, నీలం బండకూ పసుపు బండకూ తేడా ఏమిటో, కందిచేను ఎప్పుడు పూతకొస్తుందో తాతకు తెలిసినంత ఏ పుస్తకానికి తెలుసు? చేయి పట్టుకొని తీసుకెళ్ళి చూపించండి. ఇవన్నీ సృష్టించినదెవరని పిల్లవాడే అడుగుతాడు. మరో చిక్కు కూడా ఉంది: తాతకు ఉర్దూ లిపి వచ్చు, మనవరాలికి తెలుగు, ఇంగ్లీషు మాత్రమే వచ్చు. దీన్ని గోడగా భావించకండి. చూపు మందగించిన తాతకు మనవరాలు తెలుగు ఖుర్ఆన్ అనువాదం చదివి వినిపించవచ్చు. తాత ఆమెకు రోజూ ఒక్క ఉర్దూ అక్షరం దిద్దించవచ్చు.

మరొక విషయం చెప్పక తప్పదు. తండ్రిని కోల్పోయిన మనవలకు, తాతకు ఇతర కుమారులు జీవించి ఉంటే, వారసత్వంలో వాటా రాదు. కానీ తాత తన ఆస్తిలో మూడో వంతుకు మించకుండా వారి పేర వసీయత్ చేయవచ్చు, జీవించి ఉండగానే కానుకగా ఇవ్వవచ్చు. నోటిమాటతో వదిలేయక, సాక్షుల ముందు రాయించండి. ఒడిలో కూర్చోబెట్టుకున్న అనాథను కాగితంలో మరిచిపోతే ఆ ముద్దు ముచ్చట్లకు అర్థమేముంది?

ప్రవక్త (స) పరమపదించే నాటికి హజ్రత్ హసన్ (రజి) వయసు ఏడెనిమిదేళ్ళే. పెద్దయ్యాక ఒకరు ఆయన్ని, దైవప్రవక్త (స) నుండి మీకేమి గుర్తుందని అడిగారు. ఆయన ముందుగా ఒక ఖర్జూరపు పండును తలచుకున్నారు. సదఖా ఖర్జూరాలలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నారట. అది మన ఇంటివారికి ధర్మసమ్మతం కాదని చెబుతూ తాత దాన్ని నోట్లోంచి తీసి, ఎంగిలి తడితోనే తిరిగి కుప్పలో పడేశారట. వితర్ నమాజులో చేసే దుఆ వాక్యాలను కూడా తాతే నేర్పారని హసన్ (రజి) చెప్పారు. ఆ పసివాడు గుర్తుంచుకున్న ఆ దుఆనే వికారాబాద్, తాండూరు మస్జిదుల్లో ఎందరో నేటికీ నేర్చుకుంటున్నారు.